స్టోమా సంచికి కొలత రాసివ్వండి

సంపాదకులకు,

అయ్యా,

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో సర్జికల్ షాపు ముందు ఒక పూట నిలబడితే, "కొలోస్టమీ బ్యాగు ఉందా?" అని అడిగే మనిషి తప్పకుండా కనబడతాడు. పొట్ట మీద చేసిన ద్వారం (స్టోమా) నుంచి వచ్చే మలాన్ని పట్టే సంచి అది. కౌంటర్లో కుర్రాడు సైజు అడగడు. అడిగినా ఇతని దగ్గర జవాబుండదు. ఉన్నదేదో కవర్లో పెట్టి ఇస్తారు. ఆ రాత్రికే అది ఊడుతుంది. మర్నాడు ఇంకో కంపెనీది, ఆ తర్వాత ప్లాస్టరు, ఆ పైన నడుముకు తువ్వాలు. చెప్పులకు నంబరు చెబుతాం, జాకెట్టుకు ఆది ఇస్తాం, కళ్లజోడుకు చీటీ పట్టుకెళ్తాం. రాత్రింబవళ్లు పొట్టకు అంటిపెట్టుకుని ఉండాల్సిన వస్తువును మాత్రం కొలత లేకుండా కొంటున్నాం.

స్టోమా కేర్ నర్సులుగా మా విన్నపం ఒక్కటే. ఆపరేషన్ చేసి ఇంటికి పంపే ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జి కాగితం మీద స్టోమా రకం, కొలత, వాడాల్సిన ఫ్లాంజ్ (సంచిని చర్మానికి అతికించే పలక) వివరం రాసివ్వాలి. రాయడానికి రెండు నిమిషాలు పట్టదు. అది లేకపోతే ఏం జరుగుతుందో, ఉన్నా కూడా ఇంట్లోవాళ్లకు ఏం తెలిసి ఉండాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి కుట్టి చేసిన ద్వారమే స్టోమా. పెద్దపేగుతో చేస్తే కొలోస్టమీ, చిన్నపేగు చివరతో చేస్తే ఇలియోస్టమీ. మూత్రాశయం తీసేసినప్పుడు చిన్నపేగు ముక్క ఒకటి కత్తిరించి, దాని ద్వారా మూత్రం బయటికి వచ్చేలా చేస్తే యూరోస్టమీ. మన దగ్గర మూడింటినీ కలిపి "కొలోస్టమీ" అనేస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఎడమవైపు కింద ఉండే కొలోస్టమీలో మలం గట్టిగా, రోజుకు ఒకటి రెండుసార్లు వస్తుంది. ఇలియోస్టమీలో రోజంతా పల్చగా, జావలా వస్తూనే ఉంటుంది. కుదుటపడ్డాక కూడా రోజుకు 500 నుంచి 800 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. అందులో అరుగుదల రసాలు ఉంటాయి గనుక అన్నాన్ని అరిగించినట్టే చర్మాన్నీ తినేస్తాయి. యూరోస్టమీకి కింద కుళాయి, లోపల మూత్రం వెనక్కి పోకుండా ఆపే కవాటం ఉన్న సంచి కావాలి. యూరోస్టమీ మనిషికి మలం సంచి అంటగడితే అడుగున మడత పెట్టిన మూతి గంటకోసారి కారుతుంది. యూరోస్టమీ, ఇలియోస్టమీ రెండూ సాధారణంగా కుడివైపే ఉంటాయి, కాబట్టి వైపును చూసి పోల్చుకోవాలనుకోవద్దు.

సామాన్ల సంగతి. చర్మానికి అంటుకునే పలక ఫ్లాంజ్. దానికి తగిలించేది సంచి. రెండూ కలిపి ఒకటిగా వచ్చేది వన్ పీస్, విడివిడిగా వచ్చి రింగుతో బిగుసుకునేది టూ పీస్. వన్ పీస్ పల్చగా ఉంటుంది, చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడదు. కానీ మార్చిన ప్రతిసారీ చర్మం మీంచి పీకాలి. టూ పీస్‌లో ఫ్లాంజ్‌ను మూడు నాలుగు రోజులు కదపకుండా సంచి ఒక్కటే మార్చుకోవచ్చు. కొత్తగా ఆపరేషనైనవాళ్లకు, వేరేవాళ్ల చేత పెట్టించుకునేవాళ్లకు టూ పీస్ వీలుగా ఉంటుందని మా అభిప్రాయం. చేతివేళ్లలో పట్టు తగ్గిన పెద్దవాళ్లకు రింగు నొక్కి బిగించడం కష్టం, వాళ్లకు వన్ పీసే మేలు.

పెట్టె మీద 50, 57, 60 అని ఉండే అంకె చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. అది మీ స్టోమా సైజు కాదు, ప్లాస్టిక్ రింగు అడ్డకొలత. 50 రింగు ఉన్న ఫ్లాంజ్‌లో బొక్కను ఎంతవరకు కత్తిరించుకోవచ్చో వెనక కాగితం మీద గీతలు గీసి ఉంటుంది. ఆ గీత దాటి కత్తిరించకూడదు. ఒక కంపెనీ 57 ఫ్లాంజ్‌కు ఇంకో కంపెనీ 60 సంచి పట్టదు. నొక్కితే "టిక్" మన్నట్టు అనిపించినా గంటలో జారిపోతుంది. షాపులో ఫ్లాంజ్ ఒక కంపెనీది, సంచి మరో కంపెనీది కలిపి ఇస్తే తీసుకోకండి.

ఇక అసలు విషయం, బొక్క. లీకుల్లో ఎక్కువ భాగం సంచిది కాదు, ఈ బొక్కది. స్టోమా అంచుకీ ఫ్లాంజ్ బొక్క అంచుకీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందు ఉండాలి, అంతే. సందు ఎక్కువైతే ఆ మేరకు చర్మం మలంలో నానుతుంది. రెండు రోజుల్లో ఎర్రబడుతుంది, నాలుగో రోజుకు తడి ఊరుతుంది. తడి చర్మానికి ఫ్లాంజ్ అతకదు. అతకదు గనుక మళ్లీ కారుతుంది, కారింది గనుక ఇంకా ఒరుస్తుంది. మరీ బిగుతుగా కత్తిరిస్తే ఫ్లాంజ్ అంచు పేగును కోస్తుంది, స్టోమా ఉబ్బుతుంది. స్టోమాకు నొప్పి తెలిపే నరాలు ఉండవు కాబట్టి కోసుకుపోతున్నా రోగికి తెలియదు. సంచిలో రక్తం కనబడ్డాకే తెలుస్తుంది.

ఆపరేషనైన కొత్తలో స్టోమా వాచి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తగ్గుతూ వస్తుంది. డిశ్చార్జి రోజు 40 మిల్లీమీటర్లున్నది రెండు నెలలకు 30కి దిగడం మామూలే. మొదటి రెండు నెలలూ వారానికోసారి కొలవాలి. ఆసుపత్రిలో మొదట కత్తిరించిన ఫ్లాంజ్ కాగితాన్ని దాచుకుని, దాన్నే అచ్చుగా పెట్టుకుని ఆరు నెలలు కత్తిరించే ఇళ్లున్నాయి. ప్రతిసారీ స్టోమా చుట్టూ అర సెంటీమీటరుకు పైగా చర్మం బయట పడుతోందని ఎవరికీ తట్టదు. ఈ రెండు నెలల్లో ముందే బొక్క పెట్టి ఉన్న ఫ్లాంజ్‌లు కొనకండి, డిస్కౌంటు అన్నారని ఏడాదికి సరిపడా నిల్వా చేయకండి. పురీషనాళం ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లకోసం పెట్టే లూప్ ఇలియోస్టమీ (పేగు కొసను కాకుండా మధ్య భాగాన్ని మెలికలా బయటికి తెచ్చి చేసేది) అయితే కొద్ది నెలల్లో మూసేసే అవకాశం కూడా ఉంటుంది.

కొలవడానికి కంపెనీలు పెట్టెలోనే రంధ్రాల అట్ట ఇస్తాయి. స్టోమా చుట్టూ సన్నని చర్మం గీతలా కనబడే రంధ్రమే మీ సైజు. స్టోమా అందరికీ గుండ్రంగా ఉండదు, లూప్ స్టోమాలు కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయి. అలాంటప్పుడు పొడవు, వెడల్పు రెండూ రాసుకుని, పారదర్శకమైన ప్లాస్టిక్ కవరును మీద పరిచి పెన్నుతో ఆకారం గీసుకోవాలి. ఆ గీతను ఫ్లాంజ్ వెనక కాగితం మీదికి దింపేటప్పుడు ప్లాస్టిక్ ముక్కను బోర్లించి పెట్టాలి. జిగురువైపు చర్మానికి తగులుతుంది కదా, బోర్లించకపోతే ఎడమ కుడి అవుతుంది. ఎంత చక్కగా కత్తిరించినా సరిపోవడం లేదని విసుక్కునేవాళ్లు ఈ ఒక్కటి చూసుకోవాలి. కొస వంపు తిరిగిన చిన్న కత్తెర వాడి, కత్తిరించిన అంచును వేలితో గుండ్రంగా రుద్దితే గరుకు పోతుంది.

మార్చడానికి పొద్దున్నే, కాఫీ టిఫిన్లకు ముందు సమయం మంచిది. పేగు అప్పుడు నిదానంగా ఉంటుంది. పాతదాన్ని పైనుంచి కిందికి తీయాలి. ఒక చేత్తో ఫ్లాంజ్ పట్టుకుని, రెండో చేత్తో చర్మాన్ని వెనక్కి నొక్కి పట్టాలి. లాగేది ఫ్లాంజ్‌ను కాదు, తప్పించేది చర్మాన్ని అనుకుంటే సరి. తడిపిన మెత్తటి నూలుగుడ్డ ఉంటే సులువు. గోరువెచ్చటి మామూలు నీళ్లు చాలు. డెట్టాల్, స్పిరిట్, నూనె ఉండే సబ్బులు, చిన్నపిల్లల తడి వైప్స్, ఇవేవీ వద్దు. సబ్బు నూనె, వైప్స్‌లోని లోషన్ చర్మం మీద కంటికి కనబడని పొరలా మిగిలి అతుకును చెడగొడతాయి. తుడిచేటప్పుడు స్టోమా మీద చుక్క రక్తం కనబడితే భయపడక్కర్లేదు, అది పంటి చిగురులాంటి సున్నితమైన పొర. బాగా ఆరనివ్వాలి. హెయిర్ డ్రైయర్ వేడి గాలి వద్దు, విసనకర్ర చాలు. మగవాళ్లకు పొట్ట మీద వెంట్రుకలుంటే బ్లేడు పెట్టి గీయకుండా ట్రిమ్మర్‌తోనో కత్తెరతోనో కురచగా చేయాలి. గీస్తే వెంట్రుక మొదళ్లలో చీము పొక్కులు వస్తాయి, వాటి మీద ఫ్లాంజ్ నిలవదు.

కొత్త ఫ్లాంజ్‌ను కాగితం తీయకముందు ఒకటి రెండు నిమిషాలు చంకలో పెట్టుకుని వెచ్చచేస్తే మెత్తబడి చర్మానికి పట్టుకుంటుంది. కింది అంచు నుంచి పైకి అతికించి, ముందు స్టోమా పక్కన, తర్వాత బయటివైపు వేలితో నొక్కి, ఆపైన అరచెయ్యి వేసి కొద్ది నిమిషాలు ఉంచాలి. జిగురు ఒంటి వేడికి పనిచేస్తుంది, అతికించిన వెంటనే లేచి వంగి పనులు మొదలుపెడితే కింది అంచు విడిపోతుంది.

పారేసే ముందు పాత ఫ్లాంజ్‌ను తిరగేసి చూడండి. సంచి మార్చడంలో ఇంతకన్నా విలువైన అర నిమిషం లేదు. జిగురు పలక లోపలి అంచు తెల్లగా, ఉబ్బి, వెన్నలా కరిగి ఉంటుంది. ఆ తెలుపు అన్నివైపులా సమంగా 5 మిల్లీమీటర్లలోపు ఉంటే సరైన రోజునే మార్చారు. సెంటీమీటరు దాటితే ఒక రోజు ఆలస్యం చేశారు, ఇకనుంచి ముందే మార్చాలి. ఒక్కవైపే నాలుకలా బయటిదాకా పాకి ఉంటే దారి అక్కడుంది. గడియారంలా చూసుకోండి, కింద ఆరు గంటల దగ్గర ఉందా, బొడ్డువైపు మూడు గంటల దగ్గర ఉందా? అద్దం ముందు కూర్చుని అదే చోట చర్మాన్ని చూస్తే మడతో గుంటో పాత కుట్టు గీతో కనబడుతుంది. నిలబడినప్పుడు బల్లపరుపుగా ఉన్న పొట్ట కూర్చోగానే ముడుచుకుంటుంది గనుక కూర్చునే చూడాలి. ఆ గుంటలో పేస్టో, మెత్తటి రింగు (సంచి బిగించే ప్లాస్టిక్ రింగు కాదు, వేళ్లతో మలచుకునే జిగురు చుట్ట) ముక్కో పెట్టి పూడిస్తే సగం లీకులు ఆగుతాయి. స్టోమా చర్మంతో సమంగానో లోపలికి దిగిపోయో ఉంటే బల్లపరుపు ఫ్లాంజ్ ఏ కంపెనీది తెచ్చినా కారుతుంది. దానికి కాన్వెక్స్ ఫ్లాంజ్ కావాలి, అంటే చర్మాన్ని చుట్టూ నొక్కి స్టోమాను కాస్త ముందుకు తెచ్చే వంపు పలక, తోడుగా బెల్టు. కాన్వెక్స్ మాత్రం సొంతంగా కొనకండి, ఒత్తిడికి చర్మం పుండు పడొచ్చు. నర్సో సర్జనో చూసి చెప్పాలి.

పేస్టు గురించి పెద్ద అపోహ ఉంది. పేరు చూసి గమ్ అనుకుని ఫ్లాంజ్ వెనకంతా వెన్న రాసినట్టు పులిమేస్తారు. పేస్టు అతికించేది కాదు, గోడలో సందుకు పుట్టీ ఎలాగో ఇది అలా. బొక్క అంచు చుట్టూ సన్నని తీగలా వేసి, ఒక నిమిషం ఆరనిచ్చి పెట్టాలి. ఎక్కువ వేస్తే ఫ్లాంజ్ అసలు జిగురు చర్మానికి తగలదు. చాలా పేస్టుల్లో ఆల్కహాల్ ఉంటుంది, ఒరిసిన చర్మం మీద భగ్గున మండుతుంది. అలాంటప్పుడు ఆల్కహాల్ లేని మెత్తటి రింగు వాడాలి. సుమారు 60 గ్రాముల ట్యూబు సరిగ్గా వాడితే వారాల తరబడి వస్తుంది. వారానికే అయిపోతోందంటే వాడకంలో లోపం ఉంది.

స్టోమా పౌడరుదీ అదే కథ. తడి ఊరే చోట మాత్రమే చల్లి, అక్కడ అంటుకున్నంత ఉంచి, మిగతాది దులిపేయాలి. చర్మం బాగైతే పౌడరు మానేయాలి. ముఖానికి రాసుకునే పౌడరు, చెమటకాయల పౌడరు దీనికి బదులు కావు. కొబ్బరినూనె, పసుపు, వెన్న ఎంత మంచివైనా ఫ్లాంజ్ కింద పనికిరావు. ఎర్రటి మచ్చ చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు చల్లినట్టుండి విపరీతంగా దురద పెడితే అది బూజు జాతి ఇన్‌ఫెక్షన్ కావచ్చు. దానికి డాక్టరు రాసే యాంటీ ఫంగల్ మందు పౌడరు రూపంలో కావాలి, ఆయింట్‌మెంటు రాస్తే ఫ్లాంజ్ జారుతుంది.

ఈ జిగురుకూ మన అడవులకూ ఒక చుట్టరికం ఉంది. 1950ల్లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్‌లో డాక్టర్ రూపర్ట్ టర్న్‌బుల్ స్టోమా చుట్టూ చర్మాన్ని కాపాడటానికి వాడింది కరాయ గమ్, అంటే మన తపసి బంక. నల్లమలలో చెంచులు తపసి చెట్టు నుంచి సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్మే బంక అదే. 1954లో ఎలీసె సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ నర్సు తన చెల్లెలి కోసం చర్మానికి అతికే సంచిని ఊహించింది. ఇప్పటి ఫ్లాంజ్‌లలో పెక్టిన్, జెలటిన్, సెల్యులోజ్ కలిపిన పలకలున్నాయి. పని మాత్రం అదే, తడిని పీల్చుకుంటూ అతుక్కుని ఉండటం. పీల్చుకోగలిగినంత పీల్చుకున్నాక కరగడం దాని స్వభావం.

అందుకే మన ఎండలు పెద్ద పరీక్ష. చలికాలంలో నాలుగు రోజులు నిలిచే ఫ్లాంజ్ రోహిణి కార్తెలో రెండు మూడు రోజులకే వదిలేస్తుంది. కింద నుంచి మలం తడి, పైనుంచి చెమట, రెండువైపులా కరుగుతుంది. దాన్ని నాసిరకమనుకుని కంపెనీ మార్చేయకండి, మార్చే రోజును ముందుకు జరపండి. మూడు రోజుల లెక్కన నెలకు పది ఫ్లాంజ్‌లు, నాలుగు రోజుల లెక్కన ఏడెనిమిది. ఫ్లాంజ్ పెట్టెను వంటింట్లో, కిటికీ పక్కన, ఎండలో ఆపిన కారులో పెట్టొద్దు, జిగురు చెడుతుంది. ఫ్రిజ్‌లోనూ వద్దు. సంచికీ తొడకీ మధ్య పల్చటి నూలుగుడ్డ ఉంటే చెమటకాయలు రావు. కృష్ణలో మునగొచ్చా అని అడుగుతారు. గాయం పూర్తిగా మానాక, సంచి ఖాళీ చేసి, సంచిలోని గాలిని బయటికి వదిలే ఫిల్టరు మీద, పెట్టెలో ఇచ్చిన స్టిక్కరు అతికించి స్నానం చేయొచ్చు. ఫిల్టరు తడిస్తే గాలి బయటికి పోవడం ఆగిపోతుంది.

ఎండలతోపాటు చెప్పాల్సింది ఇలియోస్టమీవాళ్ల దాహం. నీటితోపాటు ఉప్పునూ పీల్చుకునే పెద్దపేగు వాళ్లకు పనిలో లేదు. సంచిలోకి పోయేది ఉప్పునీరు. దప్పికవుతోందని ఉత్త నీళ్లు చెంబుల కొద్దీ తాగితే అవి చాలావరకు సంచిలోకే దిగి, ఉన్న ఉప్పునూ వెంట తీసుకుపోతాయి. కొబ్బరిబోండాం మంచిదే కానీ అందులో సోడియం తక్కువ, ఓఆర్ఎస్‌కు అది బదులు కాదు. ప్యాకెట్టు మీద రాసిన ప్రకారం ఒక లీటరు నీటికి కలిపి (చిన్న ప్యాకెట్టయితే 200 మిల్లీలీటర్లకే) కొంచెం కొంచెంగా తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ ఇంట్లో ఉండే మందు. గుండె, మూత్రపిండాల జబ్బున్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. సంచిలో రోజుకు లీటరున్నర దాటుతోంది, మూత్రం చిక్కగా కొద్దిగా వస్తోంది, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, కాళ్లు పట్టేస్తున్నాయి అంటే ఇంట్లో కూర్చోకూడదు. ఖాళీ చేసేటప్పుడు గీతలున్న ప్లాస్టిక్ మగ్గులో కొలిస్తే ఎంతన్నది చెప్పగలుగుతారు.

తిండి మీద లేనిపోని పథ్యాలు పెట్టి మనిషిని నీరసింపజేయక్కర్లేదు. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు పీచు గట్టిగా ఉన్నవి ఆపితే చాలు. ఇలియోస్టమీవాళ్లకు ముఖ్యంగా తేగలు, మొక్కజొన్న పొత్తు, పచ్చికొబ్బరి ముక్కలు, పుట్టగొడుగులు, మునక్కాడ పిప్పి అడ్డుపడతాయి. తర్వాత ఒక్కొక్కటే కొద్దికొద్దిగా, బాగా నమిలి మొదలుపెట్టొచ్చు. పల్చగా వస్తుంటే మెత్తటి అన్నం, అరటిపండు, సగ్గుబియ్యం, ఉడికిన బంగాళాదుంప చిక్కబరుస్తాయి. గుంటూరు కారం గురించి అడగనివాళ్లు లేరు. కొందరికి మోషన్ పల్చబడుతుంది, కొందరికి ఏమీ కాదు, తిన్న రోజు చూసుకోవాలి. బీట్‌రూట్ తిన్న మర్నాడు సంచి ఎర్రగా ఉంటే రక్తమని పరిగెత్తకండి. మందుల దగ్గర మాత్రం జాగ్రత్త. ఇలియోస్టమీవాళ్లలో నిదానంగా కరిగే మాత్రలు, పేగులోకి వెళ్లాక కరిగే పూత మాత్రలు కరగకుండానే సంచిలో తేలొచ్చు. అలా కనబడితే డాక్టరుకు చూపించాలి. విరేచనం అయ్యేందుకు వాడే మందు ఇలియోస్టమీవాళ్లకు అసలే వద్దు, ఆ సంగతి మందుల షాపులో ముందే చెప్పాలి.

సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి, సగం దాటనివ్వొద్దు. బరువుకే ఫ్లాంజ్ కిందికి జారుతుంది. ఖాళీ చేశాక మూతిని లోపలా బయటా టిష్యూతో తుడవాలి, వాసన వచ్చేది ఎక్కువగా అక్కడినుంచే. లీకులేని సంచి వాసన రాదు. వస్తోందంటే అతుకు వదులైంది, లేదా ఫిల్టరు పాడైంది, లేదా మూతి మురికిగా ఉంది. అగరొత్తుల వల్ల అది తేలదు. గాలి ఉబ్బిందని సూదితో చిల్లి పెట్టేవాళ్లున్నారు. ఆ చిల్లి మళ్లీ పూడదు, చొక్కా పాడవుతుంది. టూ పీస్ అయితే రింగు పైఅంచును కొంచెం విప్పి గాలి వదలొచ్చు. గట్టి మలం కిందికి దిగకుండా స్టోమా మీదే ముద్దగా నిలిచిపోతుంటే సంచి లోపల గోడలు అతుక్కున్నాయని అర్థం. ఫిల్టరు మీద స్టిక్కరు వేసి, సంచిలోకి కాస్త గాలి ఊది, లోపల రెండు చుక్కల నూనె వేస్తే జారుతుంది. నూనె సంచి లోపలికే, ఫ్లాంజ్‌కు తగలకూడదు. లూప్ స్టోమా ఉన్నవాళ్లకు మలద్వారం నుంచి అప్పుడప్పుడు జిగట రావడం మామూలే, కింది పేగు తయారుచేసే జిగట అది.

యూరోస్టమీవాళ్లు రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా నీళ్లు తాగాలి. మూత్రంలో తెల్లటి దారాల్లాంటి జిగట కనబడటం సహజం. రాత్రికి రెండు లీటర్ల సంచిని గొట్టంతో తగిలిస్తే లేచి తిరగక్కర్లేదు. మార్చేటప్పుడు మూత్రం ఆగదు గనుక గాజుగుడ్డను చుట్టచుట్టి స్టోమా మీద పెట్టి చర్మం ఆరనివ్వాలి.

ఆలస్యం చేయకూడనివి కొన్ని. స్టోమా లోపెదవి లోపలి రంగులా ఎర్రగా, తడిగా ఉండాలి. నీలిగా, నల్లగా మారితే వెంటనే ఆసుపత్రికి. ఇలియోస్టమీలో నాలుగైదు గంటలు ఏమీ రాక, పొట్ట మెలిపెట్టి, వాంతులవుతుంటే అడ్డం పడిందని అనుమానించి బయల్దేరాలి, ఇంట్లో జీలకర్ర కషాయాలు పనికిరావు. రక్తం చుక్కలుగా కాకుండా లోపలినుంచి కారుతుంటే కూడా అంతే. స్టోమా ఉన్నట్టుండి మామూలు కన్నా బాగా పొడవుగా బయటికి వచ్చినా, పక్కన పొట్ట ఉబ్బినా చూపించాలి.

సర్జన్లతో ఒక మాట. స్టోమా ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కు ముందు రోజే గుర్తు పెట్టండి, అదీ మనిషిని పడుకోబెట్టి మాత్రమే కాదు. లంగా బొందు ఎక్కడ కడతారు, లుంగీ ముడి, మొలతాడు ఎక్కడ పడతాయి, బాసింపట్టు వేస్తే పొట్ట ఎక్కడ మడత పడుతుంది, వంగితే ఆ చోటు రోగికి కనబడుతుందా అన్నవి చూసి చుక్క పెట్టాలి. మన ఆడవాళ్లలో లీకులకు లంగా బొందు ఫ్లాంజ్ అంచు మీద పడటం ఒక పెద్ద కారణం. బ్రిటిష్ సర్జన్ బ్రయాన్ బ్రూక్ 1952లో పేగు కొసను కఫ్‌లా మడిచి కుట్టే పద్ధతి చెప్పారు. అలా రెండు మూడు సెంటీమీటర్లు బయటికి నిలిచిన ఇలియోస్టమీ మలాన్ని సంచిలోకే వదులుతుంది, చర్మం మీదికి కాదు. చోటు, ఎత్తు రెండూ బాగుంటే మేం చెప్పిన జాగ్రత్తల్లో సగం అక్కరే ఉండదు.

షాపులవాళ్లకు: ఒక్కో ఫ్లాంజ్ వందల రూపాయల సరుకు. పెట్టె విప్పి ఒకటి రెండు విడిగా అమ్మండి, కొత్త రోగికి మొదటి నెలలో ఏది సరిపోతుందో తెలియదు. గడువు తేదీ చూసి ఇవ్వండి, పాతబడిన జిగురు అతకదు. సైజు లేకపోతే రెండు రోజుల్లో తెప్పిస్తామని చెప్పండి, చేతిలో ఉన్నదాన్ని "ఇదీ అదే" అని అంటగట్టకండి. వాడేవాళ్లకు: వాడిన సంచిలో ఉన్నది మరుగుదొడ్లో పోసి, సంచిని కాగితంలో చుట్టి కవర్లో ముడివేసి, శానిటరీ చెత్త ఎలా వేరుగా ఇస్తారో అలా ఇవ్వండి. ఫ్లష్ చేస్తే పైపు మూసుకుంటుంది. బందరు కాలువ మన సంచుల కోసం లేదు.

డిశ్చార్జి కాగితం చివర ఈ నాలుగు లైన్లు చాలు. రకం, కొలతలు ఎవరివి వాళ్లకు మార్చి రాస్తే ఏ షాపులోనైనా పనికొస్తుంది:

"ఇలియోస్టమీ, కుడివైపు, తాత్కాలికం. గుండ్రం, 28 మి.మీ., ఎత్తు 20 మి.మీ. టూ పీస్, బల్లపరుపు ఫ్లాంజ్, రింగు 50, బొక్క 32 మి.మీ.కు కత్తిరించాలి. అడుగున తెరుచుకునే సంచి, కంపెనీ పేరు, కోడ్. పేస్టు వద్దు, మెత్తటి రింగు చాలు. మళ్లీ కొలవాల్సింది: వారం తర్వాత."

ఇట్లు,
కొందరు స్టోమా కేర్ నర్సులు,
విజయవాడ, గుంటూరు